సగం ఏట్లో తెప్ప

జెర్సీ సిటీ
15 జూన్ 2025, ఆదివారం

ప్రియమైన శేషూ,

నీ ఉత్తరం ఉగాదికి రెండు రోజుల ముందు చేరింది, దానికి ఈ రోజు జవాబు రాస్తున్నాను. ఆలస్యానికి కారణాలు చెప్పబోతే అదే మరో ఆలస్యం అవుతుంది కనుక, నువ్వు తిట్టదలుచుకున్నవన్నీ తిట్టేసినట్టూ నేను పడినట్టూ అనుకుని ముందుకు సాగుదాం. అమ్మ ఏప్రిల్‌లో వచ్చింది, బాగానే ఉంది. సుధకు భుజం నొప్పి తగ్గింది. చిన్నవాడు నా చెవి దాకా ఎదిగాడు. నా ఉద్యోగం ఇంకా ఉంది. కుశల వార్తలు ఇంతటితో సమాప్తం. మా బావమరిది ఈ రాత్రి విమానానికి హైదరాబాదు బయలుదేరుతున్నాడు. అతని పెట్టెలో ఈ కాగితాలు పడేస్తే అక్కడ పోస్టు చేస్తానన్నాడు. నాకున్న సమయం రెండు గంటలు, చెప్పవలసిన సంగతి ఒక్కటే. ఇక్కడి బాస్కెట్‌బాల్ జట్టు న్యూయార్క్ నిక్స్ వారు టామ్ థిబొడోను కోచ్ పదవి నుంచి తొలగించారు.

ఈ వార్త జూన్ 3వ తేదీనే ఎంవీపీ కాలనీకి చేరి ఉంటుందనీ, నువ్వు "పదమూడేళ్ళు ఆలస్యమైంది" అని ఉంటావనీ నాకు తెలుసు. (జీవితంలో ఒక్క మ్యాచ్‌లోనూ దిగకుండా ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, అనిపించుకున్నవాడివి నువ్వొక్కడివే.) 2012 ఏప్రిల్‌లో నువ్వు షికాగో నుంచి చేసిన ఫోను నేను మరచిపోలేదు. థిబొడో అప్పట్లో కోచ్‌గా ఉన్న అక్కడి బుల్స్ జట్టు 12 పాయింట్ల ఆధిక్యంలో ఉంది, మ్యాచ్ ముగియడానికి నిమిషంన్నర కూడా లేదు, అయినా థిబొడో స్టార్ ఆటగాడు డెరిక్ రోజ్‌ను కోర్టులోనే ఉంచాడు, ఆ పిల్లవాడి మోకాలు అక్కడే తెగింది. "గెలిచిపోయిన మ్యాచ్‌లో వాణ్ణి ఇంకా ఎందుకు ఉంచాడురా?" అని నువ్వు అడిగిన ప్రశ్నకు నా దగ్గర అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు. అయినా ఈ ఉత్తరం ఆయన పక్షాన రాస్తున్నాను. చివరి దాకా చదివి, ఆ తర్వాత చింపు.

ముందుగా మే 21వ తేదీ రాత్రి సంగతి చెప్పాలి, ఎందుకంటే నా పాపం అక్కడే మొదలయింది. ఇండియానా పేసర్స్‌తో ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్ (లీగ్‌లో తూర్పు సగం జట్ల ఫైనల్; ఏడింట్లో నాలుగు గెలవాలి), మొదటి మ్యాచ్, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో. నిక్స్ అంత దూరం రావడం 2000 తర్వాత ఇదే మొదటిసారి. పైగా డిఫెండింగ్ ఛాంపియన్లయిన బోస్టన్ వారిని ఓడించి మరీ వచ్చారు, అందులోనూ మొదటి రెండు మ్యాచ్‌లు వాళ్ళ ఊళ్ళోనే, రెండుసార్లూ 20 పాయింట్లు వెనకబడి, గెలుచుకున్నారు. కాబట్టి మా ఇంట్లో ఆ రాత్రి సంక్రాంతి వాతావరణం. చిన్నవాడు నిక్స్ ఆటగాడు బ్రన్సన్ పదకొండో నంబరు బనీను వేసుకుని నేల మీద కూర్చున్నాడు. అమ్మకు ఆట తెలియదు గాని, గీత పక్కన నిలబడి మ్యాచ్ మొత్తం అరుస్తూనే ఉన్న థిబొడోను చూసి, "పాపం, ఆ బొంగురు గొంతాయనకు మిరియాల పాలు కాచి ఇచ్చేవాళ్ళెవరూ లేరా?" అని జాలిపడింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆయన పేరు బొంగురు గొంతాయన.

నాలుగో క్వార్టర్‌లో మూడు నిమిషాలు కూడా మిగలలేదు, మనవాళ్ళు 14 పాయింట్ల ముందున్నారు. అమ్మ "అయిపోయిందా నాన్నా?" అని అడిగింది. "అయిపోయిందమ్మా, గెలిచేశాం" అని చెప్పి, పాలు తోడు పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. గోరువెచ్చగా అయ్యేదాకా వేలు ముంచి చూసి, నిన్నటి పెరుగు చెంచాడు వేసి, మూత పెట్టి తిరిగి వచ్చేసరికి చిన్నవాడి ముఖం పాలిపోయి ఉంది. ఇండియానా ఆటగాడు ఆరన్ నెస్మిత్ అనేవాడు ఒక్క నాలుగో క్వార్టర్‌లోనే ఆరు త్రీ పాయింటర్లు (దూరపు గీత అవతలి నుంచి వేసే మూడు పాయింట్ల బంతులు) కొట్టాడు. చివరి క్షణంలో వాళ్ళ హాలిబర్టన్ వెనక్కి పరుగెత్తి, ఆ గీత దగ్గర ఆగి విసిరిన బంతి రింగు వెనక భాగానికి తగిలి, బోర్డు కంటే ఎంతో ఎత్తుకు ఎగిరి, పైన కాసేపు ఆలోచించుకుని, తిన్నగా లోపల పడింది. వాడు మూడు పాయింట్లనుకుని తన గొంతు తానే నొక్కుకుంటూ ఇండియానా మాజీ ఆటగాడు రెజ్జీ మిల్లర్ పాత సైగ చేశాడు. ఆ రెజ్జీ మిల్లర్ అక్కడే వ్యాఖ్యాతగా కూర్చుని ఉన్నాడు. తీరా చూస్తే వాడి బొటనవేలు గీత మీద ఉంది, రెండే పాయింట్లు, 125–125. ఓవర్‌టైమ్‌లో 138–135తో మనం ఓడిపోయాం. పొద్దున్నకి పెరుగు మాత్రం గడ్డలా తోడుకుంది.

ఆ రాత్రే నేను చిన్నవాడి ముందు, అమ్మ ముందు, నోరు జారాను. "ఈయన్ని పంపించేస్తే తప్ప ఈ జట్టు బాగుపడదు" అన్నాను. ఎందుకన్నానో నీకు చెప్పనక్కరలేదు. మన కాలేజీలో ఆటలు నేర్పిన పీడీ సార్ గుర్తుకొచ్చారు.

అంతర్ కళాశాలల ఫైనల్‌లో నా పిక్క పట్టేసి నేను కుంటుతూ పరుగెత్తుతుంటే, నువ్వు తువ్వాలు భుజాన వేసుకుని లేచి నిలబడి "నేనున్నాను సార్" అన్నావు. ఆయన నీ వైపు తలైనా తిప్పకుండా "నువ్వు గ్లూకోజ్ కలుపు" అన్నారు. నాలుగేళ్ళు ఆ ఐదుగురే, చచ్చినా బతికినా ఆ ఐదుగురే. థిబొడోదీ సరిగ్గా అదే తంతు. ఈ సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 37.6 నిమిషాలు ఆడి జాష్ హార్ట్ లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో నిలిచాడు. మొత్తం నిమిషాల లెక్కలో మొదటివాడు మికల్ బ్రిడ్జెస్, వాడూ మనవాడే. మార్చిలో ఆ బ్రిడ్జెస్ విలేఖరితో, నిమిషాలు కాస్త తగ్గించమని కోచ్‌తో మాట్లాడానని చెప్పాడు. అలాంటి సంభాషణే జరగలేదని థిబొడో అన్నాడు. తమాషా ఏమిటంటే, ఆ రోజే పోర్ట్‌లాండ్‌లో ఓవర్‌టైమ్ చివరి క్షణంలో త్రీ కొట్టి మ్యాచ్ గెలిపించింది ఆ బ్రిడ్జెసే. అలసిపోయానని చెప్పినవాడు రాత్రికి ఆ పని చేస్తే ఇక ఏ కోచ్ వింటాడు చెప్పు?

సరే, ఇండియానా మీద రెండు మ్యాచ్‌లు ఓడిన తర్వాత ఆయన కదిలాడు. హార్ట్‌ను బెంచీకి మార్చి మిచెల్ రాబిన్సన్‌ను మొదటి ఐదుగురిలోకి తెచ్చాడు. అంతవరకూ మూలన కూర్చున్న ల్యాండ్రీ షామెట్‌నూ డెలన్ రైట్‌నూ దింపాడు. మూడో మ్యాచ్‌లో 20 పాయింట్ల లోటు పూడ్చుకుని గెలిచారు. రైట్ కోర్టులోకి అడుగుపెట్టినప్పుడు నేను ఏమనుకున్నానో తెలుసా? "శేషుగాడు దిగాడు" అనుకున్నాను. నవ్వకు, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఆ పని రెండు మ్యాచ్‌ల ముందు చేసి ఉంటే... వద్దులే, ఆ లెక్క వేస్తూ కూర్చుంటే తెల్లవారుతుంది. నాలుగోది ఓడి, ఐదోది గెలిచి, మే 31న ఇండియానాపొలిస్‌లో 125–108తో ఆరోది ఓడి ఇంటికి వచ్చేశారు.

మూడు రోజుల తర్వాత మంగళవారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోను మోగింది, ఆయన్ని తీసేశారని. నేను సంతోషించాలి కదా? నోట్లో మెతుకు దిగలేదు. సాయంత్రం రైలు దిగి ఇంటికి వెళితే చిన్నవాడు గుమ్మంలోనే, "నువ్వే అన్నావుగా నాన్నా, పంపించెయ్యాలని" అన్నాడు. అందులో వెక్కిరింపు లేదు. నిజంగానే నా మాట విని వాళ్ళు పంపించేశారన్నట్టు చూశాడు.

అప్పటి నుంచి నాలో నేను వాదించుకుంటున్నాను, ఆ వాదనే నీకు రాస్తున్నాను. పీడీ సార్ రాకముందు మన కోర్టు ఎలా ఉండేదో ఒకసారి తలచుకో. రింగుకు హాస్టల్ కుర్రాళ్ళు లుంగీలు ఆరేసుకునేవారు. ఆయనే కదా తెల్లవారుజామున ఐదింటికి తలుపులు బాది లేపి, గీతలు సున్నంతో తానే గీసి, మనల్ని ఒక జట్టు అనిపించింది. నిక్స్‌ది కూడా ఆ లుంగీల దశే. 2020లో థిబొడో వచ్చేనాటికి వరసగా ఏడు సీజన్లు ప్లేఆఫ్స్ (లీగ్ దశ తర్వాతి పోటీలు) ముఖం చూడలేదు. 2018–19లో 82 మ్యాచ్‌లకు 17 గెలిచారు. డెట్రాయిట్‌కు 2004లో టైటిల్ తెచ్చిన లారీ బ్రౌన్ అంతటివాణ్ణి తీసుకువచ్చి, 23 గెలుపులకే ఏడాది తిరగకుండా సాగనంపిన సంస్థ ఇది. అటువంటి చోటకు వచ్చి ఈ మనిషి మొదటి ఏడాదే ప్లేఆఫ్స్‌కు తీసుకువెళ్ళి 2021లో ఉత్తమ కోచ్ అవార్డు అందుకున్నాడు, అయిదేళ్ళలో నాలుగుసార్లు ప్లేఆఫ్స్ ఆడించాడు, చివరి రెండేళ్ళు 50, 51 మ్యాచ్‌లు గెలిచాడు. ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్ళ గురించి మనం చిన్నప్పటి నుంచి విన్నాం. వీళ్ళు సగం ఏట్లో ఉండగానే తగలేశారు. 1973 తర్వాత టైటిల్ లేని జట్టుకు అవతలి గట్టు ఇంకా కనపడనేలేదు కదా!

నువ్వు వెంటనే గోల్డెన్ స్టేట్ పేరు ఎత్తుతావని తెలుసు. ఎత్తు. 2014లో వాళ్ళు కూడా సరిగ్గా 51 గెలుపుల కోచ్ మార్క్ జాక్సన్‌ను తీసేశారు, స్టీవ్ కెర్ వచ్చాడు, మరుసటి ఏడాదే టైటిల్. టొరంటో అయితే 2018లో 59 మ్యాచ్‌లు గెలిచిన డ్వేన్ కేసీని పంపించేసింది; ఆ పంపించేసిన మనిషికే తర్వాతి నెలలో ఉత్తమ కోచ్ అవార్డు వచ్చింది, ఆయన సహాయకుడు నిక్ నర్స్‌కు 2019లో టైటిల్ వచ్చింది. ఒప్పుకుంటాను. కాని టొరంటోకు ఆ వేసవిలోనే స్టార్ ఆటగాడు కవై లెనర్డ్ వచ్చాడన్న సంగతి మరవకు. అన్నిటికంటే ముఖ్యం, పాతవాణ్ణి పంపేటప్పుడు టొరంటో చేతిలో కొత్తవాడు సహాయకుడిగా అప్పటికే ఉన్నాడు. కెర్ కథలో నా కడుపు మండే భాగం వేరే ఉంది: ఆ వేసవిలో ఆయన్ని నిక్స్ కూడా పిలిచారు, ఆయన కాదని అటు వెళ్ళాడు, మనకు డెరెక్ ఫిషర్ దక్కాడు.

ఇప్పుడు వీళ్ళ చేతిలో ఎవరున్నారు? ఎవరూ లేరు. వేరే జట్ల కోచ్‌లను, డల్లాస్ నుంచి జేసన్ కిడ్‌ను, హ్యూస్టన్ నుంచి ఇమే ఉడోకాను, మిన్నెసోటా నుంచి క్రిస్ ఫించ్‌ను అడిగారనీ, అన్నిచోట్లా కుదరదన్నారనీ పత్రికలు రాస్తున్నాయి. చక్కగా కాపురం చేసుకుంటున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అల్లుణ్ణి మాకిస్తారా అని అడిగినట్టుంది. గత జూలైలోనే థిబొడోకు మూడేళ్ళ పొడిగింపు ఇచ్చారు, అది మొదలైనా కాకముందే ఈ నిర్ణయం. అప్పుడు లేని లోపం ఇప్పుడు కొత్తగా పుట్టిందా? ఆయన నిమిషాల పిచ్చి 2012లో నీకు తెలుసు, నాకు తెలుసు. నిక్స్ అధ్యక్షుడు లియాన్ రోజ్‌కు మాత్రం తెలియదా? బ్రిడ్జెస్ కోసం ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు (కొత్త ఆటగాళ్ళను మొదటి విడతలో ఎంచుకునే హక్కులు) ధారపోసి, టౌన్స్ అనే ఆటగాడి కోసం డివిన్‌చెంజోనూ రాండిల్‌నూ ఇచ్చేసి, బెంచీని ఖాళీ చేసింది ఎవరు? బెంచీ మీద ఎవరినీ ఉంచకుండా బెంచీని ఎందుకు వాడలేదని అడగడం... ఈ మాట నీకు రాస్తుంటే నాకే వాదన కొంచెం వంకరగా తోస్తోంది, ఎందుకంటే షామెట్ ఉన్నాడు, రైట్ ఉన్నాడు, నువ్వూ ఉన్నావు.

అసలు నన్ను తినేస్తున్నది ఇండియానా. వాళ్ళ కోచ్ రిక్ కార్లైల్ 2021లో తిరిగి వచ్చాక మొదటి ఏడాది 25 గెలుపులు, రెండో ఏడాది 35. మన ఊళ్ళో అయితే గార్డెన్ గేటు ముందు దిష్టిబొమ్మ తగలబెట్టేవాళ్ళు. వాళ్ళు ఉంచుకున్నారు. తర్వాత 47, తర్వాత 50. ఈ సీజన్ కూడా 10 గెలుపులు, 15 ఓటములతో మొదలుపెట్టారు, అయినా ఎవరూ ఆయన జోలికి పోలేదు. ఇప్పుడు లీగ్ ఫైనల్స్‌లో ఓక్లహామా సిటీతో రెండు రెండుగా సమంగా ఉన్నారు. ఆయన బెంచీ నుంచి పిలిచినవాడల్లా వచ్చి పరుగెత్తుతాడు; మన ఐదుగురూ నడుము మీద చేతులు పెట్టుకుని ఆయాసపడుతుంటే ఆ మెక్‌కానెల్ అనేవాడు కుక్కపిల్లలా బంతి చుట్టూ తిరిగాడు. ఇంకొక మాట, ఇది నీకోసమే దాచిపెట్టాను: కార్లైల్ 1986లో టైటిల్ గెలిచిన బోస్టన్ జట్టులో బెంచీ ఆటగాడు. గ్లూకోజ్ కలిపినవాడికే బెంచీ విలువ తెలుస్తుందని నువ్వు రాయబోతున్నావు, రాయి, నేను కాదనను.

కనుక నా తీర్పు విను. ఆయన్ని ఉంచవలసింది. పక్కన ఒక గట్టి సహాయకుణ్ణి పెట్టి, జట్టులో పదో ఆటగాడి దాకా నిమిషాలు పంచకపోతే ఊరుకోమని స్పష్టంగా చెప్పి, ఇంకొక్క సీజన్ చూడవలసింది. మనిషి మారతాడా అంటే, మూడో మ్యాచ్‌లో మారాడు కదా. అరవై ఏడేళ్ళ వయసులో, రెండు మ్యాచ్‌లు ఆలస్యంగానైనా సరే. ఒకవేళ వచ్చే కొత్తవాడు టైటిల్ తెస్తే? తెస్తే గంతులు వేస్తాను, అందులో దాపరికం లేదు, కాని ఈ అభిప్రాయం మార్చుకోను. చిన్నవాడికి కూడా ఇదే చెప్పాను. "మరి ఆ రోజు అలా ఎందుకన్నావు?" అని అడిగాడు. కోపంలో అన్నానని చెప్పాను. "వాళ్ళూ కోపంలోనే తీసేశారేమో" అన్నాడు వాడు, ఆ తర్వాత నేను

ఆగు, బావమరిది కింద నుంచి ఫోను చేస్తున్నాడు, పెట్టెలు కారులోకి ఎక్కించాలట. రేపు రాత్రి ఐదో మ్యాచ్. ఇండియానా గెలవాలో ఓడాలో నాకింకా తెలియడం లేదు. పీడీ సార్ నంబరు నీ దగ్గర ఉంటే పంపు, ఆయనకు ఒకసారి ఫోను చేయాలని ఉంది, ఏం మాట్లాడాలో మాత్రం ఇంకా... హారన్ కొడుతున్నాడు. అమ్మ వంటింట్లోంచి అడుగుతోంది, ఆ బొంగురు గొంతాయనకు వేరే ఎక్కడైనా ఉద్యోగం దొరికిందా అని. ఏమని చెప్పను

నీ
మూర్తి