క్రషర్ గేటు దగ్గరే టిప్పర్లకు టార్పాలిన్ పట్టా కట్టించాలి

సంపాదకులు గారికి నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా టెక్కలి పరిసరాల్లో సరుకు వాహనం నడుపుకునే ఎవరి బండినైనా ఒక్కసారి వంగి చూడండి. పైభాగం ఎంత శుభ్రంగా ఉన్నా, తలుపుల కింది అంచున, వెనుక చక్రాల ముందున్న రేకు మీద పెయింట్ చుక్కలు చుక్కలుగా లేచిపోయి ఉంటుంది. కొన్నిచోట్ల అప్పటికే తుప్పు పట్టి ఉంటుంది. టిప్పర్ల నుంచి రాలిన కంకర, గుంతలు పూడ్చాక ఊడ్చకుండా వదిలేసిన చిప్స్ (సన్న కంకర) చేసే నష్టం ఇది. కంకర మీద జారి ఎవరైనా పడిపోయినప్పుడు ఒక రోజు వార్త వస్తుంది. రోజూ వందలాది బండ్లకు జరిగే ఈ నష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. అందుకే ఈ లేఖ.

ముందు చక్రం ఎగరేసిన రాయి వెనకే ఉన్న ఫుట్‌బోర్డు కింది రేకుకు తగులుతుంది. వెనుక చక్రం ఎగరేసినది వెనక వచ్చే బండి బంపర్‌కో, అద్దానికో, బైకు మీద వచ్చేవారి ముఖానికో తగులుతుంది. ఫ్యాక్టరీలో వేసే పెయింట్ అడుగున ఉండే ప్రైమర్‌తో కలిపినా మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ మాత్రమే. వేలిగోరంత కంకర ముక్క వేగంగా తగిలితే ప్రైమర్ సహా ఊడి ఇనుము బయటపడుతుంది. మాది సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్న జిల్లా. సోంపేట, వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి వైపు తిరిగే బండ్లకు ఉప్పుగాలి తప్పదు. రేకు మీద చేరిన ఉప్పు తేమను వదలదు, దాంతో తుప్పు త్వరగా పడుతుంది. పైకి చిన్న మచ్చ కనిపించేసరికి పెయింట్ కింద అది చుట్టూ పాకిపోయి ఉంటుంది.

బండి యజమానులు తమ జాగ్రత్త తాము తీసుకోవాలి కదా అని కొందరు అంటారు. తీసుకుంటూనే ఉన్నాం. టైరు వెడల్పంతా కప్పేలా రబ్బరు మడ్‌ఫ్లాపులు వేయిస్తున్నాం. కింది రేకులకు రబ్బరులా గట్టిపడే కోటింగ్ కొట్టిస్తున్నాం. స్తోమత ఉన్నవారు పెయింట్ మీద పారదర్శకమైన ఫిల్మ్ అంటిస్తున్నారు. ఈ సందర్భంగా తోటి యజమానులకు ఒక మాట. తుప్పును పూర్తిగా గీకించి ప్రైమర్ వేయించకుండా, దాని మీదే కోటింగ్ కొడతామంటే ఒప్పుకోకండి. లోపల చిక్కుకున్న తడి రేకును తినేస్తుంది. తలుపు అడుగున నీరు కారేందుకు ఉండే చిన్న రంధ్రాలు పూడిపోకుండా దగ్గరుండి చూసుకోండి. రాయి తగిలి ఇనుము కనిపించిన చోట వెంటనే టచప్ చేయిస్తే ఖర్చు తక్కువలో పోతుంది, వానాకాలం దాటనిస్తే రేకు కోసి అతికించాల్సి వస్తుంది.

ఈ ఖర్చంతా మా చేతి నుంచే. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేస్తే, క్లెయిమ్ లేని ఏళ్లకు 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే ప్రీమియం రాయితీ పోతుంది. నాలుగు పెచ్చులు ఊడినందుకు దాన్ని ఎవరు వదులుకుంటారు? ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అప్పుడు తుప్పు తిన్న రేకులన్నీ మళ్లీ బాగుచేయించుకోవాలి. కంకర అమ్ముకున్నవారికి లాభం, కొనుక్కున్నవారికి ఇల్లు. దారిలో రాలిన దానికి మాత్రం ఆ దారిన పోయేవాళ్లందరూ డబ్బు కడుతున్నారు.

క్వారీలు మూసేయమని నేను అనడం లేదు. ఈ ప్రాంతపు నీలి గ్రానైట్‌కు విదేశాల్లోనూ పేరుంది, దాని మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. మూలపేట రేవుకూ రాయి కావాలి, రోడ్లకూ కంకర కావాలి. కానీ బాడీ అంచు దాటి కుప్పపోసి, పట్టా కట్టకుండా, సరిగా మూయని వెనుక డాలా (తలుపు) సందులోంచి చిప్స్ కారుస్తూ టిప్పర్ రోడ్డెక్కడం ఎందుకు? మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అధిక లోడుకు 20 వేల రూపాయల జరిమానా, అదనంగా ఉన్న ప్రతి టన్నుకు మరో 2 వేలు. చట్టంలో పదును ఉంది, దాన్ని సరైన చోట వాడాలి. జాతీయ రహదారి మీద అప్పుడప్పుడు ఆపి రాసే చలానాతో అప్పటికే రాలిన రాయి వెనక్కి రాదు. ప్రతి టిప్పర్ క్రషర్ (రాళ్లను కంకరగా కొట్టే మిల్లు) దగ్గర కాటా ఎక్కాల్సిందే కదా, తనిఖీ అక్కడే పెట్టాలి. బరువు సరిపోయి, పట్టా కట్టి, డాలా గట్టిగా బిగించాకే గేటు తీయాలి. గనుల శాఖ, రవాణా శాఖ కలిసి కూర్చుంటే దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

క్వారీల మట్టిదారులు తారురోడ్డును కలిసే మలుపుల దగ్గర మరో బాధ. లారీ టైర్ల మధ్య ఇరుక్కున్న రాళ్లు, అంటుకున్న మట్టి అక్కడే రాలుతాయి. రాత్రిపూట బైకుల మీద వచ్చేవారికి అవి కనిపించవు. ఆ దారుల చివరి భాగాన్ని సిమెంటుతో గట్టి చేయించే బాధ్యత క్వారీ యజమానులదే కావాలి. పేరుకున్న రాళ్లను రోజూ ఊడ్పించే బాధ్యత కూడా వారికే అప్పగించాలి.

ఇక రోడ్ల మరమ్మతు. తారు పోసి, పైన చిప్స్ చల్లి, రోలర్ నడిపించాక, అంటుకోకుండా మిగిలిన చిప్స్‌ను ఊడ్చి తీసేయాలి. అంతవరకు వేగం తగ్గించమని బోర్డు పెట్టాలి. చాలాచోట్ల ఊడ్చేవారూ లేరు, బోర్డూ లేదు. పని పూర్తయిందని సంతకం పెట్టే ఇంజనీరు రోడ్డు మీద విడి కంకర లేదని కళ్లారా చూసుకున్నాకే బిల్లు ముందుకు కదలాలి.

జిల్లా కలెక్టర్ గారు వచ్చే రోడ్డు భద్రతా సమావేశంలో ఈ మూడింటినీ చర్చకు పెట్టించి, ఏ క్రషర్ దగ్గర ఎప్పటి నుంచి తనిఖీ మొదలవుతుందో తేదీతో సహా ప్రకటించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సరుకు వాహన యజమాని,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా.