కూనూర్‌లో తినడానికీ, తీరిగ్గా కూర్చోవడానికీ

చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. మే నెలలో మీ అత్తగారినీ మామగారినీ ఊటీ తీసుకెళ్తున్నామని రాశావు. ఆవిడ మోకాళ్లతో కొండలెక్కలేరు, అక్కడ ఏం చేస్తామని అడిగావు. ఎక్కనక్కర్లేదమ్మా. ఊటీలో కాకుండా, దగ్గర్లోనే ఉన్న కూనూర్‌లో గది తీసుకోండి. ఊటీ 2,240 మీటర్ల ఎత్తు, కూనూర్ 1,850. చలీ తక్కువ, రద్దీ కూడా కాస్త తక్కువే. గది ఖాయం చేసే ముందు ఒక్క మాట అడుగు: కారు ఆగే చోటి నుంచి గది దాకా మెట్లెన్ని? ఇళ్లన్నీ వాలు మీద కట్టినవి. ‘గ్రౌండ్ ఫ్లోర్’ అంటే రోడ్డుకు ముప్పై మెట్లు కింద కూడా ఉండొచ్చు.

వెళ్లేటప్పుడు కొండ కింది మేట్టుపాళయంలో ఉదయం 7:10కి బయల్దేరే టాయ్ ట్రైన్ ఎక్కండి. సీట్లు కొద్ది, బుకింగ్ తెరిచిన రోజే తీసుకోవాలి. కూనూర్ దాకా ఆవిరి ఇంజను వెనక నుంచి నెడుతుంది. అందుకని ముందు పెట్టె దొరికితే లోయ బాగా కనిపిస్తుంది, పొగా తక్కువ. కల్లార్ స్టేషన్ దాటాక పట్టాల మధ్య పళ్ల కమ్మీ ఉంటుంది, ఇంజను కింది పళ్లచక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. రైలు నడక చాలా నిదానం, మూడు గంటలు పైనే. టిఫిన్ డబ్బా కట్టుకోండి. కారులో వెళ్తే మాత్రం ఈ-పాస్, అంటే కొండ మీదికి వెళ్లడానికి ఆన్‌లైన్‌లో ఇచ్చే అనుమతి, ముందే తీసుకోవాలి. రైలుకూ ప్రభుత్వ బస్సుకూ అక్కర్లేదు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నీలగిరి జిల్లాలో నిషేధం, స్టీలు సీసాలు పెట్టుకో.

మేలో మధ్యాహ్నం రెండు దాటాక తరచూ వాన పడుతుంది. తోటలన్నీ పొద్దున్నే చూసేయండి. 1874లో మొదలైన సిమ్స్ పార్కు అందమైనదే, కానీ లోయలోకి దిగే తోట. దిగడం హాయిగా ఉంటుంది, గేటు దాకా మళ్లీ ఎక్కడమే కష్టం. అత్తగారిని పై బెంచీల దగ్గరే కూర్చోబెట్టు, చెట్లు అక్కడి నుంచీ కనిపిస్తాయి. ఒక రోజు రైల్లో ఊటీ వెళ్లి బొటానికల్ గార్డెన్ కింది పచ్చికలో కూర్చుని రండి. శని, ఆదివారాలు వద్దు. సరస్సు చూడకపోయినా ఏం కొరత లేదు.

ఇక తిండి సంగతి. వర్కీ తప్పకుండా తినాలి. అది పొరలు పొరలుగా పేలినట్టుండే కరకర బిస్కట్టు. మైదా, రవ్వ, చక్కెర, అరటిపండు కలిపి పులియబెట్టిన ముద్దతో (దాన్నే మావా అంటారు) పిండి కలుపుతారు, కట్టెల పొయ్యి భట్టీలో కాలుస్తారు. చేతిలో తేలిగ్గా ఉండాలి, విరిస్తే చప్పుడు రావాలి. వంగితే నిన్నటిదో మొన్నటిదో అన్నమాట, లేదా మంచు గాలికి మెత్తబడింది. కాగితం పొట్లంలో ఉంచితే పూటలోనే అలా అయిపోతుంది, కొన్న వెంటనే బిగుతు మూత డబ్బాలోకి మార్చు. టీలో రెండు క్షణాలే ముంచాలి, అంతకు మించితే కప్పు అడుగుకి చేరుతుంది.

టీ మనలా కాచకండి. ఆ ఎత్తులో నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, కప్పులో పోయగానే ఇంకా చల్లారతాయి. ముందు వేడినీళ్లతో కప్పు కడిగి, చెంచాడు ఆకు వేసి, కళపెళలాడే నీళ్లు పోసి మూత పెట్టండి. మూడు నిమిషాలకు వడకట్టాలి. పాలు వద్దు. ఆకు టీని పాలల్లో పడేసి మరిగిస్తే వగరు తప్ప వాసన మిగలదు, దానికి డస్టు టీ ఉంది. కొనేటప్పుడు ప్యాకెట్టు మీద ఆకు కోసిన నెల చూడు. డిసెంబరు, జనవరి మంచులో కోసిన ఆకుదే మంచి పరిమళం. నీళ్లు అలా తక్కువ వేడికే మరగడం వల్ల పప్పు కూడా ఓ పట్టాన ఉడకదు. గదిలో వంటిల్లుంటే కందిపప్పు అరగంట నానబెట్టి కుక్కర్‌లోనే పెట్టు.

ప్లమ్ పండ్లు వచ్చే కాలం. పైన తెల్లటి బూడిదలాంటి పొర ఉన్నవి తీసుకో, అది మందు కాదు, చేతులు ఎక్కువ తగల్లేదనడానికి గుర్తు. గట్టిగా ఉంటే కాగితం సంచిలో రెండు రోజులు బయటే ఉంచు, ఫ్రిజ్‌లో పెడితే పులుపు అలాగే ఉండిపోతుంది. బటర్‌ఫ్రూట్ (అవకాడో) తొడిమ దగ్గర నొక్కి చూడు, కాస్త దిగితే ఆ రోజే తినాలి. నీలగిరి కొండల్లో ఉండే బడగుల వంట ఎక్కడైనా దొరికితే అవరె ఉదక అడుగు, అనపగింజలూ బంగాళాదుంపలూ వేసిన పులుసు. మామగారికి నచ్చుతుంది.

చాక్లెట్లు చివరి రోజే కొను. వేలి వేడికి కరిగేది కోకో వెన్నతో చేసింది, మైనంలా నోట్లో అతుక్కునేది వేరే కొవ్వుతో చేసింది. కోయంబత్తూరు ఎండలో మంచి చాక్లెట్టే ముందు కరుగుతుంది. పేపర్లో చుట్టి సూట్‌కేసులో బట్టల మధ్యన పెట్టు, కారు డిక్కీలో వదిలేయకు. ఇంటికొచ్చాక విప్పకుండా, గట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచు. విప్పి పెడితే చెమ్మ పట్టి తెల్లమచ్చలొస్తాయి.

అత్తగారికి ఊలు మేజోళ్లు మరిచిపోకు.

అమ్మ