రోడ్డు మీది ఆవుకు యజమాని ఉన్నాడు

సంపాదకుల వారికి నమస్కారం.

పట్టణాల్లో వీధుల వెంట తిరిగే పశువుల గురించి వార్త రాసినప్పుడల్లా పత్రికల్లో రెండే మాటలు కనిపిస్తాయి. ఒకటి ట్రాఫిక్‌కు అడ్డం, రెండోది ‘పాపం, మూగజీవాలు’. ఈ రెండింటి మధ్యా ఒక మనిషి తప్పించుకుపోతున్నాడు. తెల్లవారుజామున పాలు పితికి, పలుపు విప్పి, వీధిలోకి అదిలించి, సాయంత్రం పొదుగు నిండే వేళకు వచ్చి తోలుకుపోయే యజమాని అతను. పొద్దున తొమ్మిదింటికి మార్కెట్ దగ్గర నిలబడ్డ ఆవు పొదుగు చూడండి, మెత్తగా వేలాడుతుంటుంది. అదే ఆవు పొదుగు మూడు దాటేసరికి బిగిసి, చన్నులు నిక్కి ఉంటాయి. అంటే దాన్ని రోజుకు రెండుసార్లు ఎవరో పితుకుతున్నారు. పాలు వాళ్లవి, మేత మాత్రం ఊరందరి చెత్తకుండీది.

ఆ మేత లోపలికి వెళ్లి ఏం చేస్తుందో వివరంగా చెప్పాలి. ఆవుకు పై దవడలో ముందు పళ్లు ఉండవు. నాలుక చుట్టి లాక్కుని మింగేస్తుంది, నమలడం తర్వాత తీరిగ్గా నెమరు వేసేటప్పుడే. పైగా నాలుక మీది ముళ్లలాంటి బుడిపెలు గొంతు వైపు వంగి ఉంటాయి, అందుకే లోపలికి వెళ్లిన దాన్ని ఉమ్మడం దానికి కష్టం. ఇక మనం చేసేదేమిటి? సాంబారు అన్నం, అరటి తొక్కలు, కూరగాయల చెక్కు ఒక క్యారీబ్యాగులో వేసి, ఈగలు వాలకుండా గట్టిగా ముడివేసి గేటు పక్కన పెడతాం. తిండి వాసన తగిలిన ఆవు ముడి విప్పలేదు కాబట్టి సంచీతో సహా మింగుతుంది.

మొదటి పొట్ట, అంటే రుమెన్, పెద్ద ఆవులో నూరు లీటర్లు దాటే తొట్టి. గడ్డి అందులో నాని, పులిసి, కొన్ని మిల్లీమీటర్ల ముక్కలయ్యాకే కిందికి దిగుతుంది. పాలిథిన్ పులవదు, ముక్కలవదు, దిగదు. ఒక్కో సంచీ ఇంకో సంచీని చుట్టుకుంటుంది. వాటికి పూలదండల నైలాన్ దారాలు, గోనె పోగులు, టేపు ముక్కలు తోడై కొన్నేళ్లలో తాడు పేనినట్టు గట్టి ముద్ద అవుతుంది. ఆపరేషన్ చేసి తీస్తే అలాంటి ముద్ద 30 కిలోలు దాటడం పశువైద్యులకు కొత్తేమీ కాదు. పొట్టలో సగం చోటు అదే ఆక్రమించాక మేత ఎక్కడ పడుతుంది? పక్కటెముకలు లెక్కపెట్టేలా బయటికి కనిపిస్తుంటే పొట్ట మాత్రం బానలా ఉంటుంది. చూసినవాళ్లు చూడిదేమో అనుకుంటారు.

ఇంట్లో పశువు ఉన్నవాళ్లు చేత్తోనే గుర్తుపట్టవచ్చు. ఎడమ డొక్కలో, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య గుంతలో పిడికిలి ఆనించి రెండు నిమిషాలు ఉంచండి. ఆరోగ్యంగా ఉన్న పశువులో నిమిషానికి ఒకటి రెండుసార్లు లోపలి అల చేతిని పైకి నెడుతుంది. ప్లాస్టిక్ నిండిన పొట్టలో ఆ కదలిక మందగిస్తుంది. వారానికోసారి కడుపుబ్బరం వచ్చి తగ్గుతూ ఉండటం, నెమరు తగ్గడం, పేడ కొంచెం కొంచెంగా జిగురుతో పడటం, పాలు కారణం లేకుండా పడిపోవడం కూడా గుర్తులే. గంగడోలు కింద నీరు దిగినట్టు వాపు, ముందుకాళ్ల మోచేతులు బయటికి పెట్టి నిలబడటం కనిపిస్తే సమస్య వేరు. మింగిన ఇనుప మేకో, తీగ ముక్కో రెండో పొట్టలోంచి గుచ్చుకుని గుండె సంచీ దాకా వెళ్లిందన్నమాట. అప్పటికి చాలావరకు ఆలస్యమైపోయినట్టే.

ప్లాస్టిక్ తీసే ఆపరేషన్ పశువును నిలబెట్టే చేస్తారు. ఒక రోజు ముందు నుంచి మేత ఆపి, ఎడమ డొక్కలో 2 శాతం లిగ్నోకైన్ అనే మందుతో ఆ చోటు వరకే మత్తిచ్చి, జానెడు గాటు పెడతారు. రుమెన్ గోడను ముందుగా చర్మానికి కుట్టి బిగించాకే తెరవాలి. ఇక్కడ తొందరపడితే లోపలి కుళ్లిన నీరు కడుపులోకి జారి చీము పడుతుంది, బతికిన పశువు నాలుగో రోజున పోతుంది. ముద్దంతా చేత్తో కొంచెం కొంచెంగా విడదీసి లాగాక రెండు వరసల కుట్లు వేస్తారు. ఆరోగ్యంగా ఉన్న మరో పశువు రుమెన్ రసం కొన్ని లీటర్లు పోస్తే నెమరు త్వరగా మొదలవుతుంది. కుట్లు విప్పేది 10 నుంచి 14 రోజులకు. అన్నాళ్లూ పచ్చిమేత, శుభ్రమైన కొట్టం ఉండాలి. ఇంత చేసి ఆవును మళ్లీ అదే వీధిలో వదిలితే ఆ పొట్ట మళ్లీ సంచులతోనే నిండుతుంది. మన పుట్టపర్తిలోని జంతు సంరక్షణ సంస్థ కరుణ సొసైటీ వీధి ఆవులకు ఈ ఆపరేషన్లు చేయించి, ఇలా ఎన్నని చేయగలమని 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 120 మైక్రాన్ల కన్నా పలచని సంచులపై 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. మీ వీధి కూరగాయల బండి దగ్గర అది ఎంత అమలవుతోందో పాఠకులకే వదిలేస్తున్నా.

ఒకప్పుడు ప్రతి ఇంటి పెరట్లో కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడుగు, గంజి, కూరగాయల చెక్కు అందులో పడేవి, పశువు తాగేది. అలవాటు మంచిదే. తొట్టి పోయి సంచీ రావడమే చెడగొట్టింది. తడి చెత్తను సంచీలో కట్టకుండా బకెట్లో పెట్టి మున్సిపల్ బండికే ఇవ్వండి. ఆవుకే పెట్టాలనిపిస్తే చెక్కు, ఆకులు నేల మీదో పళ్లెంలోనో పెట్టి, అది తిన్నాక మిగిలింది ఎత్తేయండి.

అన్నం విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. పెళ్లి భోజనాల్లో మిగిలిన అన్నం, పులిహోర గంపలకొద్దీ ఆవుల ముందు గుమ్మరించడం పుణ్యమని చాలామంది నమ్మకం. ఉడికిన పిండిపదార్థం ఒక్కసారిగా అంత పడితే రుమెన్‌లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. 6 నుంచి 7 మధ్య ఉండాల్సిన పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 5 కిందికి పడుతుంది. ఒంట్లోని నీరంతా పొట్టలోకి లాగేయడంతో కళ్లు లోపలికి పోతాయి, ఆవు తూలుతుంది, పుల్లని వాసనతో పలచగా పారుకుంటుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. అలాంటప్పుడు మేత వెంటనే ఆపి 1962కు ఫోన్ చేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాలకు అదే నంబరు. పడుకుని తల వాల్చేసిన పశువుకు గొట్టంతో నూనె, మజ్జిగ పట్టించబోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ పని వద్దు.

ఇక చట్టం సంగతి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 ప్రకారం చాలినంత మేత, నీరు, నీడ ఇవ్వకపోవడం యజమాని నేరం. ఆకలిదప్పులతో అలమటించేలా వదిలేయడం కూడా నేరమే. జరిమానా? మొదటిసారి 10 నుంచి 50 రూపాయలు. లీటరు పాలు కూడా రాని మొత్తం. దానికితోడు ఇలాంటి నేరాల్లో పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేరు. ఫిర్యాదు తీసుకెళ్తే స్టేషన్లో ‘మా చేతిలో లేదు’ అనడానికి కారణం ఇదే. అది సాకు మాత్రమే కాదు, చట్టంలోని నిజమైన లొసుగు. అందుకే ఫిర్యాదు రాసేటప్పుడు సరైన సెక్షన్ రాయాలి. పశువును అదుపులో పెట్టకుండా వదిలి మనుషుల ప్రాణాలకు ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 ఉంది. 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దీనికి పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు. బండి మీది కూరగాయలు లాగిందని సలసల కాగే నీళ్లో, యాసిడో ఆవు మీద పోసి అవిటిదాన్ని చేసేవాళ్లకు అదే సంహితలోని సెక్షన్ 325 వర్తిస్తుంది, 5 ఏళ్ల దాకా శిక్ష. యజమాని నిర్లక్ష్యం ఎంత ఉన్నా కాలిన వీపు బాధ ఆవుదే. ఫొటోలు తీసి, ప్రభుత్వ పశువైద్యుడి చేత గాయం సర్టిఫికెట్ అదే రోజు రాయించాలి. మర్నాటికి పసుపు రాసేస్తారు, గాయం ఎలాంటిదో చెప్పడం కష్టమవుతుంది.

యజమానిని పట్టుకోవడం ఎలా అంటారు. ఆవు చెవిలో పసుపు ట్యాగు ఉంటుంది, దాని మీద 12 అంకెలు. టీకాలకు, బీమాకు, కృత్రిమ గర్భధారణకు ఆ నంబరే ఆధారం. పశుసంవర్ధక శాఖ దగ్గర ఆ నంబరుకు ఎదురుగా రైతు పేరు, ఫోన్ ఉంటాయి. మున్సిపల్ సిబ్బందికి చేయాల్సిన పని ఒక్కటే, తోలేటప్పుడు నంబరు రాసుకోవడం. ట్యాగు లేని వాటికి బందెలదొడ్డిలోనే (పట్టుకున్న పశువులను ఉంచే దొడ్డి) ట్యాగు వేసి ఆ తర్వాతే విడిచిపెట్టాలి. అప్పుడు రెండోసారి దొరికిన ఆవు రెండోసారి దొరికిందని తెలుస్తుంది. ఇప్పుడు ప్రతిసారీ అది కొత్త ఆవే.

బందెలదొడ్డి అన్నాను కానీ చాలా ఊళ్లలో దాని గోడలు కూడా మిగల్లేదు. దాని కోసం చేసిన 1871 నాటి చట్టం ఇంకా ఉంది, దొడ్డే లేదు. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు రహదారుల మీది పశువులను తొలగించి షెల్టర్లకు చేర్చాలని ఆదేశించింది. మంచిదే. కానీ చేర్చే ముందు ఎవరైనా కాగితం మీద లెక్క వేశారా? 300 కిలోల ఆవుకు రోజుకు 6 కిలోల ఎండుగడ్డి, 10 కిలోలకు పైగా పచ్చిమేత, ఎండాకాలంలో 40 నుంచి 60 లీటర్ల నీళ్లు కావాలి. వంద పశువులంటే ఎండుగడ్డి ఒక్కటే ఏడాదికి 219 టన్నులు. కప్పు కింద తలకు 3.5 చదరపు మీటర్లు, ఆరుబయట మరో 7 ఉండాలి. దాత ఇచ్చిన అరెకరం స్థలంలో నాలుగు వందలు కుక్కితే వర్షాకాలంలో బురదలో గిట్టలు కుళ్లుతాయి, బలహీనమైనవి తొక్కిసలాటలో పోతాయి. రోడ్డు మీద నెమ్మదిగా జరిగేది అక్కడ గోడ చాటున త్వరగా జరుగుతుంది.

కోడెదూడల సంగతి మరీ ఘోరం. ట్రాక్టరు వచ్చాక వాటితో పని లేదు, సంకరజాతి కోడెకైతే మూపురమూ ఉండదు, కాడికీ పనికిరాదు. అందుకే పుట్టిన వారానికే వదిలించుకుంటున్నారు, కొందరు మొక్కు పేరుతో. మూడు నెలల లోపు దూడకు రుమెన్ ఇంకా తయారవదు, పాలే ఆహారం. దాన్ని గుడి గోశాలకు అప్పగిస్తే దాని ముందు ఎంత గడ్డి వేసినా అరగదు. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు కట్టేవారైనా, ఊరి గుడికి ఇచ్చేవారైనా పాలు మరిచి గడ్డి మేసే వయసు దూడనే, ఆరు నెలల మేత ఖర్చుతో సహా ఇవ్వాలని దేవస్థానాలు నియమం పెట్టాలి. లింగ నిర్ధారిత వీర్యంతో పదింట తొమ్మిది పెయ్యలే పుడతాయి. పట్టణ శివార్ల పాడి రైతులకు ముందుగా అది అందించడం గోశాల కట్టడం కన్నా చవక.

చివరగా మీ పత్రికకు ఒక మనవి. ఆవు అడ్డం వచ్చి బైకు మీది మనిషి చనిపోయాడని వార్త వచ్చినప్పుడు, ఆ ఆవు చెవికి ట్యాగు ఉందా, యజమాని మీద సెక్షన్ 291 కింద కేసు కట్టారా అన్న రెండు ప్రశ్నలు మీ విలేకరులు ఎస్సైని అడిగి, ఆయన చెప్పిన జవాబు కూడా వార్తలో వేయండి.

ఇట్లు,
ఒక పశువైద్యుడు, అనంతపురం