ఒక్క శాంపిల్‌తో గ్రోత్ హార్మోన్ లోపం తేలదు

సంపాదకులకు,

పిల్లాడు పొట్టిగా ఉన్నాడని ఏదో ఒక వేళ ల్యాబుకు తీసుకెళ్లి గ్రోత్ హార్మోన్ పరీక్ష చేయించడం, రిపోర్టులో మిల్లీలీటరుకు 0.3 నానోగ్రాములు అని చూసి తల్లిదండ్రులు బెంబేలెత్తడం తరచూ కనిపిస్తోంది. పుట్టిన తొలివారం శిశువుల్లో తప్ప ఆ అంకెకు విలువ లేదు. కారణం ఈ హార్మోన్‌ను తయారుచేసే, మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథిలో కాదు, దానికి పైనున్న మెదడు భాగం హైపోథలామస్‌లో ఉంది.

అక్కడ రెండు రకాల నాడీకణాలు ఈ హార్మోన్‌ను నడిపిస్తాయి. ఆర్క్యుయేట్ అనే చోటివి జీహెచ్ఆర్‌హెచ్ అనే ప్రేరక హార్మోన్‌ను వదిలి గ్రోత్ హార్మోన్‌ను విడుదల చేయిస్తాయి. మూడో వెంట్రికిల్ అనే ద్రవపు గది అంచున ఉన్నవి సొమాటోస్టాటిన్ అనే నిరోధక హార్మోన్‌ను వదిలి ఆ విడుదలను ఆపేస్తాయి. జీహెచ్ఆర్‌హెచ్ అందగానే పిట్యూటరీ కణాల్లో సైక్లిక్ ఏఎంపీ అనే సందేశ అణువు పెరిగి, నిల్వ ఉన్న హార్మోన్ రక్తంలోకి వస్తుంది. ఖాళీ అయిన నిల్వను నింపడానికి పిట్-1 అనే ప్రొటీన్ 17వ క్రోమోజోమ్‌ మీది గ్రోత్ హార్మోన్ జన్యువును పనిలో పెడుతుంది.

బయటికొచ్చిన హార్మోన్ మెదడుకూ చేరి సొమాటోస్టాటిన్ జన్యువును హెచ్చిస్తుంది, జీహెచ్ఆర్‌హెచ్ జన్యువును తగ్గిస్తుంది. ఎలుకల్లో పిట్యూటరీ తీసేస్తే ఇది తలకిందులవుతుంది.  

జీహెచ్ఆర్‌హెచ్, సొమాటోస్టాటిన్ వంతులవారీగా పనిచేయడం వల్లే హార్మోన్ విడతలుగా వస్తుంది. గాఢనిద్ర మొదలయ్యాక పెద్ద విడత, పగలు చాలాసేపు దాదాపు సున్నా. రక్తంలో అది 20 నిమిషాలకే సగమవుతుంది. కాబట్టి పొడుగ్గా ఎదుగుతున్న పిల్లాడికైనా పగలు 0.3 రావచ్చు. తీవ్ర పోషకాహార లోపంలోనైతే హార్మోన్ ఎక్కువగానూ, దాని ప్రభావంతో కాలేయం తయారుచేసే ఐజీఎఫ్-1 తక్కువగానూ ఉంటుంది. అక్కడ అంకె మరింత తప్పుదోవ పట్టిస్తుంది.

ముందు టేపుకు పని చెప్పాలి. చెప్పులు లేకుండా, అదే గోడకు నిలబెట్టి, ఆరు నెలలకోసారి కొలవాలి. అయిదేళ్లు దాటాక, యుక్తవయసు రాకముందు ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోతే డాక్టరుకు చూపించాలి. థైరాయిడ్, ఎడమచేతి ఎముకల ఎక్స్‌రే, ఐజీఎఫ్-1 చూశాకే ఉద్దీపన పరీక్ష, అంటే మందుతో హార్మోన్‌ను విడుదల చేయించి కొలవడం. రాత్రంతా ఏమీ తినకుండా ఉన్న పిల్లలకు పొద్దున్నే చదరపు మీటరు శరీర వైశాల్యానికి 0.15 మిల్లీగ్రాముల చొప్పున క్లోనిడిన్ మాత్ర ఇచ్చి, మాత్రకు ముందు ఒకసారి, ఆ తర్వాత 30, 60, 90, 120 నిమిషాలకు రక్తం తీస్తారు. ఏ ఒక్క శాంపిల్ మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు దాటినా లోపం లేనట్టే. కొన్ని కేంద్రాలు 7 చాలంటాయి. దాటకపోతే మరో మందుతో రెండో పరీక్ష చేయాలి.

ఇక్కడా పొరపాట్లు జరుగుతాయి. థైరాయిడ్ లోపాన్ని సరిచేయకుండా చేసినా, మధ్యలో గ్లూకోజ్ ఎక్కినా, పిల్లాడు స్థూలకాయుడైనా లోపం లేకున్నా విలువ తగ్గుతుంది. క్లోనిడిన్‌కు బీపీ పడిపోతుంది, మత్తుగా ఉంటుంది. పడుకోబెట్టే ఉంచాలి, లేచి బాత్రూముకు ఒంటరిగా పంపకూడదు.

ఎత్తు పెంచే పొడుల సంగతి ఒక్క ముక్కలో తేలుతుంది: గ్రోత్ హార్మోన్ 191 అమైనో ఆమ్లాల ప్రొటీన్, నోట్లో వేసుకుంటే పప్పులోని ప్రొటీన్‌లాగే అరిగిపోతుంది.

ల్యాబులు ఈ పరీక్షను హెల్త్ ప్యాకేజీల నుంచి తొలగించాలి. అంత ఇష్టం లేకపోతే, ఆ అంకె కిందనే 'ఉద్దీపన లేకుండా తీసిన శాంపిల్, లోపం నిర్ధారణకు పనికిరాదు' అని తెలుగులో ముద్రించాలి.

– పిల్లల హార్మోన్ వ్యాధుల వైద్యుడు, గుంటూరు