కాళ్ల వాపు, రాత్రి మూత్రం, మధ్యలో గుండె

సంపాదకులకు,

రాత్రిపూట పదేపదే మూత్రానికి లేవడం గురించి మీ ఆరోగ్యం పేజీలో రాస్తూ షుగరు, ప్రోస్టేటు, పడుకునే ముందు తాగిన నీళ్లు, ఈ మూడే కారణాలన్నట్టు తేల్చేశారు. పెద్ద వయసువాళ్లలో తరచూ కనిపించే ఇంకొకటి వదిలేశారు. అది సాయంత్రానికి కాళ్లలో చేరిన నీరు. ఆ నీటిని రాత్రి బయటికి పంపే పనిలో కిడ్నీకి కబురు పెట్టేది గుండె.

మనిషి కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి 90 మి.మీ. పాదరసం దాకా ఉంటుంది. నడుస్తుంటే పిక్కలు రక్తాన్ని పైకి పిండుతాయి కాబట్టి బాగా తగ్గుతుంది. అందుకే నడిచేవాళ్ల కంటే ఒకేచోట నిలబడేవాళ్లకు, సీరియళ్లు అయ్యేదాకా కుర్చీలో కాళ్లు వేలాడేసి కూర్చునే పెద్దవాళ్లకు వాపు ఎక్కువ. పడుకోగానే ఈ లెక్క తిరగబడుతుంది. నిలబడినప్పుడు కిందికి దిగిన అర లీటరుకు పైగా రక్తం వెంటనే ఛాతీలోకి వస్తుంది. కండల చుట్టూ ఊరిన నీరు మాత్రం గంటల తరబడి మెల్లగా సిరల్లోకి చేరుతుంది. గుండె పై గదులైన కర్ణికలు సాగుతాయి. సాగిన గోడల్లోంచి ఏఎన్‌పీ అనే హార్మోను విడుదలవుతుంది.

ఎలుక కర్ణికల సారాన్ని వేరే ఎలుకలకు ఎక్కిస్తే ఉప్పు, నీళ్లు మూత్రంలో ఒక్కసారిగా పెరిగాయని 1981లో కెనడాలో అడోల్ఫో డి బోల్డ్ బృందం చూపింది. ఏఎన్‌పీ కిడ్నీ వడపోతకు రక్తం తెచ్చే సన్న ధమనిని వెడల్పు చేస్తుంది, తీసుకెళ్లేదాన్ని బిగిస్తుంది, ఉప్పును పట్టి ఉంచే రెనిన్, ఆల్డోస్టిరాన్‌లను అణచిపెడుతుంది. రక్తంలో నిమిషాల్లోనే కరిగిపోతుంది కాబట్టి మనిషి ఒరిగినా లేచినా దాని మోతాదు మారిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. సిరల్లో ఒత్తిడి పెరిగితే చాలు, హార్మోను పెరుగుతుందనుకుంటారు. కావలసింది ఒత్తిడి కాదు, గోడ సాగడం. గుండె చుట్టూ ఉన్న సంచిలో నీరు నిండి బిగిస్తే మెడ సిర ఉబ్బుతుంది, లోపలి ఒత్తిడీ ఎక్కువే, కానీ కర్ణిక సాగదు, ఏఎన్‌పీ అంతగా పెరగదు. ఆ నీరు తీసేశాక పెరుగుతుంది. గురకలో గొంతు మూసుకుపోయేవాళ్లది దీనికి సరిగ్గా ఎదురు. మూసిన గొంతుతో గాలి లాగే ప్రయత్నంలో ఛాతీ లోపలి ఒత్తిడి పడిపోయి కర్ణికలు సాగుతాయి. వాళ్లూ రాత్రి మూత్రానికి లేస్తారు, ప్రోస్టేటు మాత్రలు వాడినా లేస్తూనే ఉంటారు.

ఇంట్లో తేల్చుకోవడానికి కొలత జాడీ ఒకటి చాలు. మూడు రోజులు మూత్రం కొలిచి రాయాలి. పొద్దున లేవగానే పోసేది రాత్రి ఖాతాలోకే వస్తుంది. దాన్ని పగటిలో కలిపితే లెక్కంతా తప్పుతుంది. రోజుకు 1,500 మి.లీ.లో రాత్రిది 700 అయితే దాదాపు 47 శాతం. 65 దాటినవాళ్లలో 33 శాతం మించితే రాత్రి మూత్రం ఎక్కువగా తయారవుతున్నట్టే. లేచిన ప్రతిసారీ 80, 100 మి.లీ. మాత్రమే వచ్చి మొత్తం పెరగకపోతే మూత్రాశయం, ప్రోస్టేటు వైపు చూడాలి. సాయంత్రం మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి వదలండి. గుంట నిలిస్తే నీరున్నట్టు.

నీరుంటే దాన్ని పడక ఎక్కకముందే పంపేయాలి. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు గంటసేపు పడుకుని, మడమలు గుండె కంటే ఎత్తులో ఉండేలా పిక్కల కింద రెండు దిళ్లు పెట్టుకోవాలి. కుర్చీలో కూర్చుని ముందు స్టూలు మీద కాళ్లు చాపితే సరిపోదు. పాదాలు గుండె కంటే కిందే ఉంటాయి. ఆయాసం ఉన్నవాళ్లు, దిళ్లు ఎత్తుగా లేనిదే పడుకోలేనివాళ్లు డాక్టరుకు చూపించుకోకుండా ఈ పని చేయకూడదు. కాళ్ల నీరంతా బలహీనమైన గుండె మీద పడి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అలాంటివాళ్లు అర్ధరాత్రి లేచి మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చునేది గుండెకు వచ్చే రక్తం తగ్గి ఊపిరి ఆడుతుందనే. మూత్రం ఎక్కువగా పోయించే ఫ్రూసమైడ్ మాత్ర వాడేవాళ్లకు ఒక మోతాదును నిద్రకు ఆరు గంటల ముందుకు జరపవచ్చు, అదీ డాక్టరు చెప్పాకే. బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటూ కాళ్లు వాచినవాళ్లకు మూత్రం మాత్ర జోడించడం వల్ల ఒరిగేది తక్కువ. ఆ వాపు సన్న ధమనులు వెడల్పయినందువల్ల వచ్చింది, మార్చాల్సింది ఆ మందునే.

ల్యాబుల సంగతి కూడా. ఏఎన్‌పీకి రక్తం తీసేటప్పుడు కనీసం 20 నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి, రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ పూసిన ట్యూబును చల్లబరిచి అందులో తీయాలి. నడిచొచ్చిన మనిషి అంకెనూ పడుకున్న మనిషి అంకెనూ పోల్చలేం. గుండె బలహీనపడిందేమో చూడటానికి మన ఊళ్లలో ఎక్కువగా చేసే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ పరీక్షకు ఈ బాధ పెద్దగా లేదు, రక్తంలో ఎక్కువసేపు ఉంటుంది కనుక. అయితే కిడ్నీ జబ్బున్నా, గుండె లయ తప్పినా అది పెరుగుతుంది. ఊబకాయం ఉన్నవాళ్లలో తక్కువ చూపిస్తుంది. గుండె బలహీనతకు ఇచ్చే సాక్యుబిట్రిల్ మాత్ర వాడేవాళ్లకు, ఏఎన్‌పీ లాంటిదే మరో గుండె హార్మోను అయిన బీఎన్‌పీ ఆ మందు వల్లే పెరగవచ్చు కాబట్టి ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ చేయించడమే మేలు. రిపోర్టు చీటీలో ఏ పరీక్ష చేశారో పూర్తి పేరు చదివి చూసుకోండి.

ఇట్లు
ఫిజియాలజీ అధ్యాపకులు, వరంగల్