అన్నం పెట్టేవాళ్లున్నారు, వచ్చి కూర్చునేవాళ్లేరీ?

సంపాదకుడు గారికి నమస్కారం.

తిరుపతి చుట్టుపక్కల వృద్ధాశ్రమాల్లో అన్నం పెట్టేవాళ్లకు కొదవ లేదు. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, తద్దినాలు, నాయకుల జన్మదినాలు... ఏదో ఒక పేరుతో ఎవరో ఒకరు భోజనం తెస్తూనే ఉంటారు. కొన్ని తేదీలకైతే ముందుగా చెప్పుకోకపోతే పెట్టే అవకాశమే దొరకదు. సుగర్ ఉన్నవాళ్ల కంచంలో కూడా రెండు లడ్లు పడతాయి, అది వేరే సంగతి. వడ్డించడం, ఫోటో దిగడం, బయల్దేరడం. భోజనాలయ్యాక సాయంత్రం కాఫీ దాకా ఉండే ఆ మూడు నాలుగు గంటలు మాత్రం ఎవరికీ పట్టవు. ఈ ఉత్తరం ఆ గంటల గురించే.

నేను రిటైరైన టీచరును. వారానికోసారి ఊరి బయట ఒక ఆశ్రమానికి వెళ్లి కూర్చుని వస్తుంటాను. అక్కడ ఆర్టీసీలో డ్రైవరుగా చేసిన పెద్దాయన ఒకరున్నారు. ఎప్పుడు చూసినా గోడవైపు తిరిగి పడుకునేవారు, పలకరిస్తే 'ఊ' అని ఊరుకునేవారు. నాతో వచ్చిన డిగ్రీ అమ్మాయి ఒకరోజు మాటల్లో తమది పీలేరు అంది. అంతే, ఆయన లేచి కూర్చున్నారు. మంగాపురం, రంగంపేట, భాకరాపేట, పీలేరు, వాయల్పాడు, మదనపల్లె అని స్టేజీలన్నీ వరసగా అప్పజెప్పారు. భాకరాపేట ఘాట్‌లో మంచు కమ్మితే కండక్టరు టార్చిలైటు పట్టుకుని బస్సు ముందు నడిచేవాడట. "ఆ పెద్ద మలుపు ఇంకా అట్నే ఉందా పాపా?" అని అడిగారు. ఆ పిల్ల ఊరికెళ్లి వస్తూ బస్సు కిటికీలోంచి ఘాట్ మొత్తం ఫోన్‌లో వీడియో తీసుకొచ్చింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు. గేరు సరిగ్గా మార్చలేదని ఆ డ్రైవరును తిట్టారు కూడా.

ఆశ్రమాల్లో పనిచేసేవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. ఇద్దరు ముగ్గురు ఆయమ్మలే అందరికీ స్నానాలు చేయించి, మాత్రలిచ్చి, పక్కబట్టలు మార్చేసరికి పొద్దు గడిచిపోతుంది. ఇక కబుర్లకు తీరికెక్కడ?

"కన్నబిడ్డలు చూసుకోవాలి గానీ మధ్యలో మనమెవరం?" అని నా స్నేహితురాలే అంది. ఆశ్రమంలో ఉన్నవాళ్లంతా బిడ్డలు గెంటేసినవాళ్లు కాదు. అసలు బిడ్డలే లేనివాళ్లున్నారు. పిల్లలు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉంటే తామే విచారించుకుని వచ్చి చేరినవాళ్లున్నారు. వెళ్లగానే "మీ పిల్లలెక్కడ, ఎందుకు వదిలేశారు?" అని మొదలుపెట్టేవాళ్లతో ఎవరు మాట్లాడతారు? నిజంగా పట్టించుకోని బిడ్డలుంటే 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. ట్రిబ్యునల్ నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించగలదు. 14567కు ఫోన్ చేస్తే ఎల్డర్ లైన్ వాళ్లు దారి చెబుతారు. డబ్బుకు ఇలా ఏదో ఒక దారి ఉంది. పక్కన కూర్చుని మాట్లాడమని ఏ ట్రిబ్యునల్ ఆర్డరు వేస్తుంది?

సేవకు మనుషుల్ని కూడగట్టడం తిరుపతికి కొత్త కాదు. 2000లో మొదలైన శ్రీవారి సేవకు ఎక్కడెక్కడివాళ్లో జట్లుగా పేర్లు నమోదు చేసుకుని వచ్చి, క్యూలైన్ల దగ్గర, అన్నప్రసాదం దగ్గర డ్యూటీ చేసి వెళ్తున్నారు. కొండ మీద నడిచే పద్ధతిని కొండ కిందికి తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ, టీటీడీ కాలేజీలు అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఎన్‌ఎస్‌ఎస్ వలంటీరు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. వారానికో గంట చొప్పున ఏడాదంతా ఆశ్రమానికి వెళ్లినా అందులో సగం కూడా ఖర్చు కాదు.

ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, అక్టోబరు 1న వయోవృద్ధుల దినోత్సవమని బ్యానరు పట్టుకుని బస్సు నిండా దిగడం, తలా ఒక అరటిపండు చేతిలో పెట్టి పోవడం. మర్నాడు మీ పేపర్లోనూ ఆ ఫోటో పడుతుంది (అనక తప్పడం లేదు, ఏమీ అనుకోకండి). అలా కాకుండా ఇద్దరేసి పిల్లలు, చెప్పిన రోజుకు, చెప్పిన వేళకు, అదే మనిషి దగ్గరికి వెళ్లాలి. పేపరు చదివి వినిపించవచ్చు, పులిజూదం ఆడొచ్చు, ఊరికే కూర్చోనూవచ్చు. పరీక్షలొచ్చి రాలేకపోతే ముందే ఫోన్ చేసి చెప్పాలి. మంగళవారం వస్తామని మాటిచ్చిపోతే, మంగళవారం భోజనం కాగానే తల దువ్వుకుని వరండాలో కుర్చీ వేసుకునేవాళ్లు అక్కడ ఉంటారు.

నిర్వాహకుల భయాలు కూడా కొట్టిపారేసేవి కావు. ఎవరు పడితే వాళ్లు లోపలికొస్తే డబ్బు అడగడాలు, కాగితాల మీద సంతకాలు, ఫోన్‌లో ఓటీపీలు... అంతా టెన్షనే. అందుకే కాలేజీ నుంచి లెటరు, ఆధార్ జిరాక్సు, రిజిస్టరులో సంతకం తప్పనిసరి చేయాలి. ఆయమ్మను అడక్కుండా తినడానికి ఏదీ పెట్టకూడదు. మింగడం కష్టమైనవాళ్లకు చిన్న ముక్క గొంతులో అడ్డం పడినా ప్రమాదమే. ఇక లోపల ఫోటోలు, రీల్స్ అసలు వద్దు.

వయోవృద్ధుల సంక్షేమ శాఖ జిల్లా అధికారులు ఆశ్రమాలవాళ్లనూ కాలేజీలవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టి, ఎక్కడికి ఏ వేళకు వెళ్లొచ్చు, ఎవరు ఏ భాష మాట్లాడతారు అని జాబితా తయారు చేయించాలి. భాష చిన్న విషయం కాదు. నేను వెళ్లేచోట వేలూరు వైపు నుంచి వచ్చిన ఒక అవ్వకు తమిళం తప్ప ముక్క రాదు. ఆయమ్మలతో సైగలతోనే నెట్టుకొస్తోంది. నగరి, సత్యవేడు వైపు పిల్లలకు తమిళం బాగానే వస్తుంది, వాళ్లలో చాలామంది తిరుపతి హాస్టళ్లలోనే ఉండి చదువుకుంటున్నారు. ఆశ్రమం చిరునామా మీ కార్యాలయంలో ఇచ్చి ఉంచుతాను. తమిళం వచ్చిన ఆడపిల్లలు ఎవరైనా ముందుకొస్తే, మధ్యాహ్నం రెండున్నర తర్వాత ఎప్పుడైనా రావచ్చని వార్డెన్ గారు చెప్పమన్నారు.

– ఒక పాఠకురాలు,
ఎం.ఆర్.పల్లి, తిరుపతి