నూజివీడు సీటు విషయమై తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ ఏడాది మన పాఠశాలలో పదో తరగతి పూర్తిచేసిన ఒక అమ్మాయికి నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చిందనీ, అక్కడి చదువు తట్టుకోలేనేమోనన్న భయంతో ఆ సీటు వదులుకోవాలని అనుకుంటోందనీ కొన్ని రోజులుగా గేటు దగ్గరా, మన వాట్సాప్ గ్రూపులోనూ చర్చ జరుగుతోంది. ఆ కుటుంబం అంగీకారంతోనే, పేరు చెప్పకుండా, ఈ నెల లేఖను ఆ విషయానికే కేటాయిస్తున్నాను. మిగతా విషయాలు క్లుప్తంగా: ఈ ఏడాది మొదటి విడత (ఎఫ్.ఎ.-1) పరీక్షల కాలపట్టిక డైరీలో అతికించాం, బస్సు రుసుము బకాయి ఉన్నవారు దయచేసి ఈ నెలలోనే చెల్లించగలరు, వానలు మొదలయ్యాయి కనుక పిల్లలకు గొడుగు ఇచ్చి పంపండి.

ఆ అమ్మాయి తండ్రి ఆటోనగర్‌లో లేత్ పని చేస్తారు. ఆరో తరగతిలో మా దగ్గర చేరిన నాటి నుంచీ ఆమె లెక్క చేసే తీరు చూసి మా గణితం మాస్టారు మురిసిపోతూనే ఉన్నారు, ఎందుకంటే జవాబు వచ్చాక కూడా ఆగకుండా ఇంకో దారిలో వస్తుందేమోనని వెతికే పిల్ల ఆమె. అలాంటి పిల్ల నా గదికి వచ్చి, “మేడమ్, అక్కడికి వచ్చేవాళ్లందరూ వాళ్ల బడిలో ఫస్టు వచ్చినవాళ్లేనట, నేను వెనకబడిపోతే ఎట్లా?” అని అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. అక్కడ ప్రవేశాలు పదో తరగతి మార్కుల మీదే జరుగుతాయి, ఇంటర్మీడియట్‌కు సమానమైన రెండేళ్ల పీయూసీ, ఆపైన నాలుగేళ్ల ఇంజనీరింగు కలిపి మొత్తం ఆరేళ్ల చదువు. అందరూ మొదటి స్థానంలో నిలిచినవారే ఉన్న తరగతిలో ఎవరో ఒకరు చివరి స్థానంలో ఉండక తప్పదు. తొలి పరీక్షలో వెనకబడిన పిల్ల తెలివి రాత్రికి రాత్రి తగ్గిపోయిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. మారింది పక్కన కూర్చున్నవాళ్లు మాత్రమే.

ఇక పని భారం సంగతి. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం ఇంజనీరింగు పట్టాకు 160 క్రెడిట్లు కావాలి. వారానికి ఒక గంట పాఠానికి ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబుకు ఒక క్రెడిట్. నాలుగేళ్లలోని ఎనిమిది సెమిస్టర్లకు సర్దితే సగటున సెమిస్టరుకు 20 వస్తాయి, అంటే తరగతి గదిలో వారానికి ఇరవై గంటలు, ల్యాబులను బట్టి మరికొన్ని గంటలు. మన ఊళ్లో ఇంటర్మీడియట్ పిల్లలు పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చునే సమయంతో పోలిస్తే ఇది ఎక్కువేమీ కాదు. కష్టమంతా మిగిలిన గంటల్లో ఉంది. ఆ సమయంలో ఏం చదవాలో, ఎంత చదవాలో, ఎక్కడ అర్థం కాలేదో పక్కన నిలబడి చెప్పేవారు ఉండరు. తన పని తాను చూసుకోవడం అలవాటైన పిల్లకు ఆ గంటలు చాలినన్ని దొరుకుతాయి, అలవాటు లేని పిల్లకు ఎన్ని ఉన్నా చాలవు.

ఇక్కడే మీతో ఒక మాట మనవి చేయాలి. రాత్రి పది దాటాక “రేపు హోంవర్కు ఏమిటండీ” అంటూ మా ఉపాధ్యాయులకు ఫోన్లు వస్తున్నాయి. మీ శ్రద్ధకు కృతజ్ఞతలు, కానీ డైరీలో రాసుకోవలసింది పిల్లవాడు. సైన్సు ప్రాజెక్టులు కొన్ని ఎంత చక్కటి పెద్దల దస్తూరీతో వస్తున్నాయో చూస్తూనే ఉన్నాం. తొమ్మిదో తరగతి పిల్లకు అమ్మ పుస్తకాల సంచి సర్ది, నాన్న లెక్క చేసి, ట్యూషన్ మాస్టారు జవాబులు గుర్తుపెట్టించి, ఆ తర్వాత “పెద్ద కాలేజీలో మా పిల్ల నెగ్గుకురాగలదా?” అని నన్ను అడిగితే నేనేమి చెప్పగలను? గ్రూపులో “అంత తెలివైన పిల్లే భయపడితే మనవాళ్లు ఎంత” అని రాసినవారు దయచేసి గమనించండి, ఆ గ్రూపును మీ పిల్లలూ చదువుతున్నారు.

నాకున్న ఒకే ఒక్క పట్టుదల గ్రంథాలయం పీరియడ్ అని మీకు తెలుసు. దాన్ని తీసేసి ఇంకో లెక్కల పీరియడ్ పెట్టమని ఈసారి కూడా కొందరు అడిగారు, నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది మన బెజవాడలోనే. అయ్యంకి వెంకటరమణయ్య గారు జీవితమంతా గ్రంథాలయోద్యమానికే ధారపోశారు. అటువంటి ఊళ్లో పుట్టి, గైడు తప్ప మరో పుస్తకం తెరవకుండా పదో తరగతి దాటిపోవడం నేను చూస్తూ ఊరుకోలేను. ఎవరూ నమిలి నోట్లో పెట్టని పేజీని, అర్థం కాకపోయినా వదలకుండా, రెండోసారి, మూడోసారి చదివి సొంతంగా అర్థం చేసుకున్న పిల్లకే రేపు కాలేజీలో పాఠ్యపుస్తకం ముందు ఒంటరిగా కూర్చునే ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం ఏ మెటీరియల్‌లోనూ అచ్చువేయరు, ఏ కోచింగులోనూ అమ్మరు.

మన పూర్వ విద్యార్థిని ఒకరు ఇప్పుడు నూజివీడులోనే ఇంజనీరింగు మూడో ఏడు చదువుతోంది. కబడ్డీలో జిల్లా స్థాయి దాకా ఆడిన పిల్ల, మా అందరికీ ముద్దుబిడ్డ. ఆమె చేత మన అమ్మాయికి ఫోన్ చేయించాను. మొదటి సెమిస్టరులో ఇంగ్లీషులో చెప్పే భౌతికశాస్త్రం అందక ఏడ్చేదాన్ననీ, పక్క గది అమ్మాయిని అడిగి రోజూ రాత్రి ఒక్కో అధ్యాయం తిరగేసుకున్నాననీ, పదిన్నరకల్లా పడుకునేదాన్ననీ చెప్పిందట. అడగడానికి సిగ్గుపడవద్దని మరీ మరీ చెప్పిందట.

నిర్ణయం ఆ అమ్మాయిదే కావాలని తల్లిదండ్రులకు చెప్పాను. ఇంటి దగ్గరే ఉండి ఇంటర్మీడియట్ చదువుకోవాలని ఆమె నిజంగా కోరుకుంటే అందులో తక్కువేమీ లేదు, కానీ భయపడి మాత్రం సీటు వదలవద్దని గట్టిగా చెప్పాను. నిన్న సాయంత్రం ఆమె వచ్చి, వెళ్తున్నానని చెప్పింది. పెట్టె తానే సర్దుకుంటోందట.

శనివారాలు మధ్యాహ్నం గ్రంథాలయం తెరిచే ఉంటుంది. తల్లిదండ్రులు కూడా వచ్చి పిల్లల పక్కన కూర్చుని చదువుకోవచ్చు, ఫోన్లు మాత్రం కార్యాలయంలో ఇచ్చి రావలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
విజయవాడ